ఆరు నెలలు మనవాడు, అక్టోబర్‌లో పరాయివాడు

2011 అక్టోబర్ 27 రాత్రి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ముగ్గురం కలిసి అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్. స్టవ్ మీద పప్పు మాడుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. టీవీలో టెక్సాస్ రేంజర్స్‌కీ, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కీ మధ్య వరల్డ్ సిరీస్ ఆరో ఆట నడుస్తోంది. ముందుగా నాలుగు ఆటలు ఎవరు గెలిస్తే వాళ్లదే ట్రోఫీ. రేంజర్స్ అప్పటికే మూడు గెలిచారు. మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొక్క స్ట్రైక్ పడితే జట్టు చరిత్రలోనే మొదటి టైటిల్. క్రికెట్‌లో అయితే ఆఖరి వికెట్ మిగిలింది, బ్యాట్స్‌మన్ ఇంకొక్కసారి తడబడితే చాలు అన్నట్టు. పడలేదు. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అంత దగ్గరికొచ్చారు, మళ్లీ ఒక్క స్ట్రైకే కావాలి. అదీ పడలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఫ్రీస్ సెంటర్ ఫీల్డ్ వైపు బంతిని లేపాడు. అది గోడ దాటుతుండగా ఫాక్స్ కామెంటేటర్ జో బక్ గొంతు వినిపించింది: "రేపు రాత్రి మళ్లీ కలుద్దాం!"

మా రూమ్మేట్ ఒకడు, గుంటూరువాడు, రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు. "వాడికేం సంతోషంరా అంత?" అన్నాడు.

అమెరికాలో బేస్‌బాల్ కామెంటరీ గురించి మాట్లాడేవాళ్లంతా ఆ మాటను గొప్పవాటిలో ఒకటిగా లెక్కేస్తారని నాకు తర్వాత తెలిసింది. దాని వెనక ఒక కథ ఉంది. సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు, 1991 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో, అదీ పదకొండో ఇన్నింగ్స్‌లోనే, మినెసోటా ట్విన్స్ ఆటగాడు కర్బీ పకెట్ హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టి సిరీస్‌ను ఏడో ఆటకు లాక్కెళ్లాడు. ఆ రోజు సీబీఎస్‌లో "రేపు రాత్రి కలుద్దాం" అన్నది జాక్ బక్, అంటే జో బక్ తండ్రి. ఆయన 2002లో చనిపోయాడు. అచ్చం అలాంటి క్షణమే తన ముందుకొచ్చేసరికి కొడుకు తండ్రి మాటనే మళ్లీ పలికాడు. అదీ తండ్రి 1954 నుంచి పనిచేసిన సెయింట్ లూయిస్‌లో, ఆ ఊరి జట్టు గెలిచిన రాత్రి. ఆ ఊరివాళ్ల కళ్లు చెమర్చాయంటే అర్థం చేసుకోగలను. ఇంకో సంగతి, జో బక్ కూడా 2007 దాకా కార్డినల్స్‌కి సొంత కామెంటేటరే. కాబట్టి గుంటూరువాడి అనుమానం మరీ గాల్లోంచి పుట్టిందేం కాదు.

అయినా అది సగమే నిజం. మిగతా సగం మా చెవుల్లో ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 2న వాంఖడేలో ధోనీ కొట్టిన సిక్స్‌కి రవిశాస్త్రి చెప్పిన కామెంటరీ మనలో చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ గొంతులో పక్షపాతం ఉందేమో అని మనం ఒక్కసారైనా ఆలోచించామా? కొలంబోలో టీవీ ముందు కూర్చున్నవాడికి అదే గొంతు ఎలా వినిపించి ఉంటుంది? ఆ రాత్రి ఇర్వింగ్‌లో మేం కొలంబోలో కూర్చున్నాం, అంతే తేడా.

కానీ బేస్‌బాల్‌లో ఈ గొడవ ఒక్క రాత్రితో పోదు. ఏటా అక్టోబర్ వస్తే చాలు, పోస్ట్ సీజన్‌కి (సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీలకి) వెళ్లిన ప్రతి ఊళ్లోనూ అభిమానులది ఒకటే ఫిర్యాదు: ఈ నేషనల్ కామెంటేటర్లకి మన జట్టంటే పడదు. విచిత్రమేంటంటే ఒకే ఆట చూస్తూ రెండు ఊళ్లవాళ్లూ ఒకే కామెంటేటర్ మీద ఇదే మాట అంటారు. ఇద్దరూ నిజం చెబుతుండే అవకాశం లేదు. అయినా ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో చూద్దాం.

ఊరికో గొంతు

మన దగ్గర కామెంటరీ భాషను బట్టి మారుతుంది. ఐపీఎల్ తెలుగులో కావాలంటే తెలుగు, హిందీలో కావాలంటే హిందీ. సన్‌రైజర్స్ అభిమానికీ, చెన్నై అభిమానికీ తెలుగు ఫీడ్ ఒకటే. అమెరికాలో బేస్‌బాల్ కామెంటరీ ఊరిని బట్టి మారుతుంది. మేజర్ లీగ్‌లో 30 జట్లు. ప్రతి జట్టుకీ సొంతంగా ఒక టీవీ బృందం, ఒక రేడియో బృందం ఉంటాయి. చాలా జట్లకు స్పానిష్‌లో ఇంకోటి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి స్పానిష్‌లో హైమే హరీన్ 1959 నుంచి 2022 దాకా చెప్పాడు. ఒక ఆట జరుగుతుంటే ఏ ఊరివాళ్లు ఆ ఊరి గొంతు వింటారు.

సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేవి 162 ఆటలు. మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే. క్రికెట్ అభిమానికి ఈ సంఖ్య వినగానే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. అన్ని ఆటలు కూర్చుని కళ్లప్పగించి ఎవరూ చూడరు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఆఫీసు నుంచి కారులో వస్తూ వింటారు. అందుకే బేస్‌బాల్‌లో ఆటగాళ్లకంటే కామెంటేటరే ఇంటిమనిషి అవుతాడు. ఆటగాళ్లు ట్రేడ్ అయి వేరే ఊరికి పోతారు, మేనేజర్లను (మన కోచ్‌ల లాంటివాళ్లను) తీసేస్తారు. గొంతు మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లు అదే. రేంజర్స్‌కి రేడియోలో చెప్పే ఎరిక్ నడేల్ 1979లో చేరాడు. మా జట్టులో ఎవరైనా హోమ్ రన్ కొడితే "ఆ బంతి ఇక చరిత్రే" అనడం ఆయన అలవాటు. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే అని చెప్పుకోవచ్చు. ముఖం చూడకుండానే నేర్పాడు.

ఇలాంటి ఇంటి కామెంటేటర్లు రెండు రకాలు. ఒక రకం, జట్టు జెండా భుజాన వేసుకుని చెప్పేవాళ్లు. వీళ్లను అమెరికన్లు 'హోమర్' అంటారు. షికాగో వైట్ సాక్స్‌కి చాలా ఏళ్లు చెప్పిన హాక్ హారల్సన్ తన జట్టును నేరుగా "మంచివాళ్లు" అనేవాడు. అవతలివాళ్లు ఏమవుతారో మీరే ఊహించుకోండి. రెండో రకానికి పెద్దదిక్కు విన్ స్కల్లీ. 1950లో డాడ్జర్స్ బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టి 2016 దాకా, 67 సీజన్లు అదే జట్టుకు చెప్పాడు. చాలావరకు ఒక్కడే. అయినా "మనం" అనే మాట వాడేవాడు కాదు. డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కి మారిన కొత్తలో జనం స్టేడియానికే ట్రాన్సిస్టర్లు పట్టుకొచ్చేవాళ్లు, కళ్లెదురుగా జరుగుతున్న ఆటను స్కల్లీ నోట వినడానికి.

మొదటి రకం నాకు గంటకు మించి భరించడం కష్టం. కానీ ఒకటి ఒప్పుకోవాలి: ఏ రకమైనా సరే, ఆ మనిషికి మన జట్టు గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఏప్రిల్‌లో ఒక బంగాళాఖాతం తుఫానులా వచ్చి మేలో మాయమైన కుర్ర పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ఎక్కడున్నాడో, కుడి మోకాలు నొప్పి ఎవరికి ఎన్నాళ్లుగా ఉందో, ఏడో ఇన్నింగ్స్‌లో మన మేనేజర్ ఎవరిని దింపుతాడో ఆయన నోటిమీద ఉంటుంది.

సరిగ్గా అవసరమైనప్పుడు

ఇప్పుడు అక్టోబర్ వచ్చింది. 2022 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం 12 జట్లు పోస్ట్ సీజన్‌కి వెళ్తాయి. మొదటి రౌండ్ మూడు ఆటల సిరీస్, రెండోది అయిదు, ఆ తర్వాత లీగ్ ఫైనల్, వరల్డ్ సిరీస్ ఏడేసి. అయితే ఈ ఆటల టీవీ హక్కులు ఊరి ఛానెళ్లవి కావు. లీగ్ వాటిని నేషనల్ నెట్‌వర్క్‌లకు టోకున అమ్ముతుంది. వరల్డ్ సిరీస్ 2000 నుంచి ఫాక్స్‌దే. దానికి ముందరి రెండు రౌండ్లను ఫాక్స్, టీబీఎస్ పంచుకుంటాయి. జట్లన్నీ రెండు లీగ్‌లుగా ఉంటాయి కాబట్టి ఒక ఏడాది అమెరికన్ లీగ్ ఒకరికి, నేషనల్ లీగ్ ఒకరికి, మరుసటి ఏడాది అటుదిటు. కోట్లు పెట్టి కొన్న నెట్‌వర్క్ తన మనుషులనే కూర్చోబెట్టుకుంటుంది. ఊరి టీవీ బృందం ఆ నెలంతా ఇంట్లో కూర్చుని మనలాగే టీవీ చూడాలి.

ఆరు నెలలు పక్కింటాయనలా ఉన్న మనిషి ఆట అసలు ఘట్టానికి వచ్చేసరికి మాయం. ఆయన కుర్చీలో కోటు వేసుకున్న పెద్దమనిషి. మన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పేరు తప్పు పలుకుతాడు. మనకు ఏప్రిల్‌లోనే తెలిసిన కథను కొత్తగా కనిపెట్టినట్టు చెబుతాడు. పెళ్లిపనులన్నీ నెత్తినేసుకుని చేసిన మేనమామను ముహూర్తానికి బయట నిలబెట్టి, ఎవరో కొత్త యాంకర్‌కి మైక్ ఇచ్చినట్టుంటుంది.

ఎప్పుడూ ఇలా లేదు. 1970ల మధ్యదాకా వరల్డ్ సిరీస్ టీవీ ప్రసారంలో ఆడుతున్న రెండు జట్ల సొంత కామెంటేటర్లకూ చోటుండేది. 1975 ఆరో ఆటలో బోస్టన్ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కార్ల్‌టన్ ఫిస్క్ పన్నెండో ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్ వీడియో మీరు చూసే ఉంటారు. బంతి లైను లోపలే పడాలని రెండు చేతులతో గాల్లో తోస్తూ మొదటి బేస్ వైపు గెంతుతుంటాడు. ఆ క్షణాన ఎన్‌బీసీ టీవీలో వినిపించే గొంతు డిక్ స్టాక్టన్‌ది. అతను అప్పుడు బోస్టన్ రెడ్ సాక్స్ ఊరి కామెంటేటరే. నేషనల్ టీవీ అతన్ని అరువు తెచ్చుకుంది. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి నెట్‌వర్క్‌లు ఈ అరువు మానేశాయి.

దానికంటే ఘోరం 1980లో జరిగింది. ఫిలడెల్ఫియా ఫిలీస్ 1883 నుంచీ ఉన్న జట్టు. అప్పటిదాకా ఒక్క వరల్డ్ సిరీస్ గెలవలేదు. ఆ ఏడాది గెలిచింది. కానీ వాళ్ల ఊరి గొంతు హ్యారీ కలస్‌కి ఆ సిరీస్ చెప్పే అవకాశమే రాలేదు, రేడియోలో కూడా. అప్పటి నిబంధన ప్రకారం వరల్డ్ సిరీస్ రేడియో హక్కులు కూడా నేషనల్ నెట్‌వర్క్‌వే. దాదాపు వందేళ్లు ఎదురుచూసిన ఊరు తన గెలుపును పరాయి గొంతులో వింది. అభిమానులు ఊరుకోలేదు. గోల గోల చేశారు, ఉత్తరాలు గుప్పించారు. మరుసటి ఏడాదికల్లా నియమం మారింది: టీవీ సంగతి అలాగే ఉన్నా, జట్ల సొంత రేడియోలు వరల్డ్ సిరీస్ చెప్పుకోవచ్చు. కలస్‌కి గెలుపు చెప్పే వంతు రావడానికి మాత్రం 28 ఏళ్లు పట్టింది. 2008లో ఫిలీస్ మళ్లీ గెలిచినప్పుడు ఆఖరి స్ట్రైక్ ఆయనే చెప్పాడు. ఆ తర్వాతి ఏప్రిల్‌లో, ఆట మొదలవడానికి ముందు కామెంటరీ గదిలోనే కుప్పకూలి చనిపోయాడు.

ఇవాళ్టికీ అక్టోబర్‌లో అభిమానికి మిగిలిన దారి అదే. టీవీ మ్యూట్, రేడియో ఆన్. దాని చిక్కులు దానికున్నాయి, వాటి దగ్గరికి మళ్లీ వస్తాను.

నిష్పక్షపాతం ఎందుకు మండిస్తుంది

నేషనల్ కామెంటేటర్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అతని ముందు ఉన్న పని వేరు. ఊరి కామెంటేటర్ మాట్లాడేది రోజూ వచ్చే చుట్టంతో. నేషనల్ కామెంటేటర్‌ది రైలు పెట్టె. అందులో రెండు జట్ల వీరాభిమానులూ ఉంటారు, ఏడాదంతా ఒక్క ఆటా చూడకుండా అక్టోబర్‌లో మాత్రం తొంగిచూసేవాళ్లూ ఉంటారు. సంఖ్యలో ఎక్కువ ఈ మూడో రకమే. వాళ్లకోసం డాడ్జర్స్ స్టార్ షోహెయ్ ఒటాని ఎవరో మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. జట్టుకి ఇద్దరో ముగ్గురో స్టార్లను ఎంచుకుని వాళ్ల కథే తిప్పితిప్పి చెప్పాలి. ఆ కథల్లో మన జట్టు తొమ్మిదో నంబర్ బ్యాటర్ ఉండడు. మనకేమో వాడే ప్రాణం.

రెండోది, గొంతు ఎత్తు. ఊరి కామెంటేటర్ మన హోమ్ రన్‌కి గంతేసి, అవతలివాళ్ల హోమ్ రన్‌కి గొంతు దించేస్తాడు. ఆరు నెలలు మన చెవి దానికే అలవాటు పడుతుంది. నేషనల్ కామెంటేటర్ రెంటికీ ఒకే ఎత్తులో అరుస్తాడు, అరవాలి కూడా. మనది కొట్టినప్పుడు ఆ అరుపు మామూలుగా ఉంటుంది. అవతలివాడు కొట్టినప్పుడు అదే అరుపు మనల్ని చూసి ఎగతాళి చేస్తున్నట్టుంటుంది. గుర్తుండేదీ రెండోదే. రెండు ఊళ్లూ ఒకే మనిషిని తిట్టడానికి అసలు కారణం ఇదని నా నమ్మకం. జో బక్ ఫాక్స్‌లో 24 వరల్డ్ సిరీస్‌లు చెప్పాడు. మొదటిది 1996లో, అప్పుడతని వయసు 27. 2021 తర్వాత ఈఎస్‌పీఎన్‌కి వెళ్లాడు. ఆ మధ్యకాలంలో అతను తమ జట్టును ద్వేషిస్తాడని నమ్మని ఊరు అమెరికాలో దొరకడం కష్టం. ఇన్ని ఊళ్లను ఒకేసారి ద్వేషించడానికి మనిషికి తీరికెక్కడిది?

కామెంటరీ గదిలో పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది, విశ్లేషకుడిది. సాధారణంగా మాజీ ఆటగాడు. మొదటివాడు ఏం జరిగిందో చెబుతాడు, రెండోవాడు ఎందుకు జరిగిందో చెప్పాలి. తిట్లలో పెద్ద వాటా ఈ కుర్చీకే పోతుంది. ఫాక్స్‌లో ఇప్పుడు అక్కడ కూర్చునే జాన్ స్మోల్ట్జ్ అట్లాంటా బ్రేవ్స్ పిచర్‌గా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కినవాడు. ఒక్క బంతి పడేతీరు చూసి పిచర్ మనసులో ఏముందో చెప్పగలడు. కానీ స్టార్టింగ్ పిచర్‌ను అయిదో ఇన్నింగ్స్‌లోనే తీసేస్తే చాలు, మా రోజుల్లో ఇలా కాదన్నట్టు మొదలెడతాడు. మన టీవీల్లోనూ టీ20 చూస్తూ టెస్టుల గొప్పతనం చెప్పే పెద్దలు ఉన్నారు కదా, ఆ బాపతు. చెప్పేది తప్పని అనను. కానీ పండక్కి వచ్చి పిండివంటల్లో ఉప్పు లెక్కపెట్టేవాళ్లతో ఎంతసేపు కూర్చోగలం?

ఈ కుర్చీకి గౌరవం తెచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. స్కోరు సమం. బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, అంటే మూడింటి మీదా రన్నర్లున్నారు. న్యూయార్క్ యాంకీస్ పిచర్ మరియానో రివేరా, ఎదురుగా అరిజోనా ఎడమచేతి బ్యాటర్ లూయిస్ గొంజాలెజ్. పరుగు ఆపడానికి ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గరుండే ఫీల్డర్లు) ముందుకు జరిగి నిలబడ్డారు. విశ్లేషకుడు టిమ్ మెకార్వర్ అప్పుడే ఒక చిక్కు చెప్పాడు: రివేరా ఎడమచేతివాళ్లకు లోపలికి వేస్తాడు, బ్యాట్లు విరుగుతాయి, అలాంటి దెబ్బలు ఇన్‌ఫీల్డ్ దాటి దగ్గర్లోనే పడతాయి, ఫీల్డర్లు ఇంత ముందుంటే అదే ప్రమాదం. మరుక్షణమే గొంజాలెజ్ బంతిని షార్ట్‌స్టాప్ తల మీదుగా సరిగ్గా అలాగే పడేశాడు. అరిజోనా గెలిచింది. జరిగాక చెప్పేవాళ్లు వేలమంది ఉంటారు, జరగకముందు చెప్పినవాడు ఈయన. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఇదే మెకార్వర్ తనను విమర్శించాడన్న కోపంతో అట్లాంటా ఆటగాడు డియోన్ సాండర్స్ గెలుపు సంబరాల్లో ఆయన నెత్తిన చన్నీళ్లు కుమ్మరించాడు, ఒకసారి కాదు మూడుసార్లు. నిజం చెప్పే విశ్లేషకుడికి అందరూ శాలువాలు కప్పరు.

నోరు మూసుకోవడమూ పనే

ఇన్ని చిక్కుల మధ్య రెండు ఊళ్లనూ ఒప్పించే దారి ఉందా? ఒక మనిషి దగ్గర ఉండేదనుకుంటాను. 1986 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో బోస్టన్ కూడా మా రేంజర్స్ లాగే ఒక్క స్ట్రైక్ దూరంలో ఆగిపోయింది. స్కోరు సమమయ్యాక న్యూయార్క్ మెట్స్ బ్యాటర్ మూకీ విల్సన్ కొట్టిన నెమ్మది బంతి నేల మీద దొర్లుకుంటూ వెళ్లి బోస్టన్ ఫీల్డర్ బిల్ బక్నర్ కాళ్ల సందులోంచి జారిపోయింది. ఎన్‌బీసీకి చెబుతున్నది విన్ స్కల్లీ. బంతి దొర్లిన తీరు, బక్నర్‌ను దాటడం, రే నైట్ పరిగెత్తుకు రావడం, మెట్స్ గెలవడం గబగబా నాలుగు ముక్కల్లో చెప్పి ఆగిపోయాడు. తర్వాత మూడు నిమిషాలకు పైగా ఒక్క మాట లేదు. జనం అరుపులు, గెంతులు, బోస్టన్ ఆటగాళ్ల ముఖాలు. మళ్లీ నోరు తెరిచి ఆయన అన్నదాని సారం: ఒక బొమ్మ వెయ్యి మాటలకు సమానమైతే మీరు ఇప్పుడు పది లక్షల మాటలు చూశారు.

రెండేళ్ల తర్వాత 1988 మొదటి ఆటలో ఇంకా గట్టి పరీక్ష. ఈసారి ఆడుతున్నది స్కల్లీ సొంత జట్టు డాడ్జర్స్. ఆయన కూర్చున్నది మాత్రం నేషనల్ కుర్చీలో. రెండు కాళ్లూ దెబ్బతిని సరిగా నడవలేని కర్క్ గిబ్సన్ ఆఖర్లో దిగి, అవతలి పిచర్ డెనిస్ ఎకర్స్‌లీ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి ఆట గెలిపించాడు. ముప్పై ఏళ్లకు పైగా అన్నం పెట్టిన జట్టు. ఇంకెవరైనా గొంతు చించుకునేవాళ్లు. ఆయన బంతి వెళ్లిపోయిందని చెప్పి నిమిషానికి పైగా ఊరుకున్నాడు. ఆ తర్వాతే ఆ ఏడాదంతా నమ్మశక్యంగా లేదని, ఇప్పుడు అసాధ్యమే జరిగిందని ఒక్క వాక్యం.

మౌనంలో ఒక సుఖం ఉంది: గెలిచినవాడు తన సంతోషాన్ని అందులో నింపుకుంటాడు, ఓడినవాడికి ఎవరి సంతోషాన్నీ వినే బాధ తప్పుతుంది. 2011లో ఆ హోమ్ రన్ తర్వాత జో బక్ కూడా జనం హోరునే వదిలాడని తర్వాత వీడియో చూస్తే తెలిసింది. మాకు ఆ మౌనం దక్కలేదు, మావాడు అప్పటికే టీవీ ఆపేశాడు.

ఇప్పుడు ఆ తీరికా తగ్గిపోయింది. 2023లో పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో బంతి వేయాలి, ఉంటే 20 (మరుసటి ఏడాది 18 చేశారు). తొమ్మిది ఇన్నింగ్స్ ఆట అంతకుముందు ఏడాది సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టేది, 2 గంటల 40 నిమిషాలకు దిగింది. ఆటకు చాలా మంచి జరిగింది, కాదనను. కానీ బంతికీ బంతికీ మధ్య స్కల్లీ చెప్పుకునే చిన్న కథలు ఇక పట్టవు. ఆ కాస్త ఖాళీలోనూ డగౌట్‌లో ఉన్న మేనేజర్‌కు మైక్ తగిలించి ఇంటర్వ్యూ చేస్తున్నారు. బ్యాటర్ సగం తెరలో, మేనేజర్ సగం తెరలో. ఆయన ఏనాడూ పనికొచ్చే ముక్క ఒక్కటి చెప్పగా నేను వినలేదు.

జో బక్ తర్వాత ఫాక్స్ కుర్చీలోకి వచ్చిన జో డేవిస్‌ది ఇంకో తమాషా. స్కల్లీ తర్వాత డాడ్జర్స్ ఊరి టీవీ గొంతూ అతనే. 2024లో డాడ్జర్స్, యాంకీస్ మధ్య వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, పదో ఇన్నింగ్స్‌లో, బేస్‌లన్నీ నిండి ఉండగా ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్ కొట్టి ఆట ముగించాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. గిబ్సన్ కొట్టిన స్టేడియమే, అదే రైట్ ఫీల్డ్ వైపు, చీలమండ నొప్పితో కుంటుతున్న బ్యాటరే. డేవిస్ అన్నాడు: "గిబీ, ఇడుగో ఫ్రెడ్డీ!" రెండు ముక్కల్లో 36 ఏళ్లను కలిపాడు. నాకు చాలా నచ్చింది. మా ఆఫీసులో న్యూయార్క్ నుంచి వచ్చిన సహోద్యోగి మాత్రం సోమవారం పొద్దున్నే కాఫీ మెషిన్ దగ్గర పట్టుకుని, "డాడ్జర్స్ జీతగాడిని కూర్చోబెట్టి తటస్థం అంటారేంటి?" అని పావుగంట క్లాసు పీకాడు. అతని మాట వింటుంటే ఇర్వింగ్ అపార్ట్‌మెంట్, రిమోట్ గుర్తొచ్చాయి. ఏమీ అనలేకపోయాను.

ఈ మధ్య ఒక్క ఊరికి మాత్రం టీవీలోనే సొంత గొంతు దక్కింది, అదీ దేశం వేరు కాబట్టి. 2025లో టొరంటో బ్లూ జేస్ వరల్డ్ సిరీస్‌కి వెళ్లినప్పుడు కెనడాలో స్పోర్ట్స్‌నెట్ తన సొంత మనుషులు డాన్ షుల్మన్, బక్ మార్టినెజ్‌లతోనే ప్రసారం చేసింది. ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో ఇద్దరు అవుటైతే ట్రోఫీ వాళ్లదే. అప్పుడు మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 5-4తో గెలిచారు. టొరంటో జనం ఆ దెబ్బను కనీసం తమ మనిషి నోట విన్నారు. దానివల్ల నొప్పి తగ్గిందో పెరిగిందో వాళ్లనే అడగాలి.

మూగ టీవీ, ముందున్న రేడియో

ఇక మ్యూట్ సంగతి. టీవీ బొమ్మ స్టేడియం నుంచి మన ఇంటికి రావడానికి చాలా మెట్లు దిగాలి: ట్రక్కు, శాటిలైట్, నెట్‌వర్క్, కేబుల్. ఇంటర్నెట్ స్ట్రీమింగ్ అయితే ఇంకా ఆలస్యం, అర నిమిషం దాటినా ఆశ్చర్యం లేదు. గాల్లోంచి వచ్చే రేడియో అంత తిరగదు. అందుకని రేడియో పెట్టుకుని స్ట్రీమింగ్ చూస్తే హోమ్ రన్ ముందు వినబడుతుంది, తర్వాత కనబడుతుంది. ఓపికున్నవాళ్లు యాప్‌లు, చిన్న పరికరాలు పెట్టి రేడియోను వెనక్కి లాగి బొమ్మతో కలుపుతారు. నేనూ ఒకసారి ప్రయత్నించాను. రెండు ఇన్నింగ్స్ సేపు సెకన్లు సర్దుకోవడంతోనే సరిపోయింది, ఆట చూసిందేం లేదు.

2023లో రేంజర్స్ మళ్లీ వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. ఎరిక్ నడేల్ ఆ ఏడాది మొదట్లో మానసిక ఆరోగ్యం కోసం సెలవు పెట్టి, ఆ సంగతి దాచకుండా అభిమానులకు తానే చెప్పి, ఆగస్టులో తిరిగొచ్చాడు. సొంత జట్టు కప్పు గెలిస్తే చెప్పాలని 1979 నుంచి ఎదురుచూస్తున్న మనిషి. అందుకని నవంబర్ 1న అయిదో ఆట రాత్రి నాకు రెండో ఆలోచన లేదు. టీవీ మ్యూట్ చేశాను. వంటింటి గట్టు మీద రేడియో పెట్టాను. బొమ్మ ఎంత వెనకబడితే అంత వెనకబడనీ అనుకున్నాను.

ఫీనిక్స్‌లో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్, రేంజర్స్ 5-0 ముందంజలో, ఇద్దరు అవుట్. మా పిచర్ జాష్ స్బోర్జ్ బంతి వేస్తున్నాడు, ఎదురుగా అరిజోనా బ్యాటర్ కెటెల్ మార్టే. నిద్ర ఆపుకుంటూ సోఫాలో కూర్చున్న మా ఏడేళ్ల పాప తెర మీంచి కళ్లు తిప్పడం లేదు. వంటింట్లో నడేల్ గొంతు ఒక్కసారి పైకి లేచింది. మార్టే కదలకుండా నిలబడ్డాడు, స్ట్రైక్, అయిపోయింది. నేను అరిచిన అరుపుకి గరిటె కింద పడింది.

పాప విసుక్కుంది. "నాన్నా, ఇంకా వెయ్యనే లేదు, ఎందుకు అరుస్తున్నావ్?" అంది. తెర మీద స్బోర్జ్ ఇంకా క్యాచర్ వైపు చూస్తున్నాడు.